ఎవరి ఎముక వాళ్ళకి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మనకొక సామెత ఉంది. ఆ సామెతను నమ్ముకుని నారిన్ కొండల్లోని అక్‌తెరెక్ ఊళ్ళో విందుకు వెళ్తే లాభం లేదు. అక్కడ వడ్డించేది కడుపున పుట్టిన కొడుకైనా సరే, గొర్రెను కోసిన రోజున ఎవరి ఎముక వాళ్ళకే వస్తుంది. తుంటి ఎముక పెద్దాయనకి, తోకెముక పెద్దావిడకి, తొడ ఎముక ఆ తరవాతి వాళ్ళకి, తల కుర్రాళ్ళకి, పక్కటెముకలు కోడళ్ళకీ పిల్లలకీ. ఇది తప్పిందా, ఆ మనిషిని మీరు తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు, ఇంక మీ గడప తొక్కడు. మామ్‌బెత్ తాత ఒక పెళ్ళిలో తనకి కాలి ఎముక పెట్టారని బావమరిది ఇంటికి రాకపోకలు మానేశాడు. బావమరిది పోయి చాలా కాలమైంది. తాత ఇప్పటికీ ఆ వీధిలోంచి గుర్రం తోలడు.

అటువంటి ఊరికి అసిల్‌కాన్ కోడలు.

ఆమె పుట్టింది కనుమకు అవతలి లోయలో. వాళ్ళ నాన్నకు మగపిల్లలు లేరు. మాంసం పంచడం మగవాళ్ళ పని కాబట్టి, కొడుకుల్లేని ఆ ఇంట్లో అది పెద్దకూతురి మీద పడింది. తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఏ కీలు దగ్గర కత్తి పెట్టాలో, ఏ ముక్క ఎవరి ముందు పెట్టాలో చిన్నప్పుడే నేర్చుకుంది. "మగరాయుడు" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నవ్వితే, తండ్రి మీసం కింద నవ్వుకునేవాడు. తరవాత టీచరు చదువు, పట్నంలో ఉద్యోగం, పెళ్ళి, ఒక కూతురు, ఆ కూతురికి పెళ్ళి, ఆపైన భర్త పోవడం. అందరికీ జరిగేవే ఆమెకూ జరిగాయి. భర్త పోయాక, మంచాన పడ్డ అత్తగారిని చూసుకోవడానికి అతని సొంతూరు అక్‌తెరెక్‌కు వచ్చింది. అత్తగారి నోరు మంచిది కాదు. అసిల్‌కాన్ నోరూ మంచిది కాదు. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

ఊరి బడి హెడ్మాస్టరు కుబాత్ ఆమె పట్నంలో టీచరుగా చేసిందని తెలిసి మర్నాడే టీకి వచ్చి కూర్చున్నాడు.

"మీకు తేలిక పని ఇస్తానక్కా. క్లాసు లేదు, గోల లేదు. ఒక్కడే పిల్లాడు. రోజూ వాళ్ళింటికి పోయి చదువు చెప్పి రావడమే."

"ఒక్క పిల్లాడే అయితే ముందున్న టీచర్లు ఎందుకు పారిపోయారు తమ్ముడూ?"

"పారిపోలేదక్కా, ఒకావిడ పెళ్ళి చేసుకుంది. ఇంకొకావిడకి తలనొప్పి పట్టుకుంది."

"మూడో ఆవిడ కూడా ఉందట కదా. మా అత్త చెప్పింది."

కుబాత్ టీ గిన్నెలోకి చూసుకున్నాడు. "ఆవిడ పారిపోయింది," అని ఒప్పుకున్నాడు.

ఆ పిల్లాడి పేరు ఎర్మెక్. గొర్రెల కాపరి జుమాబెక్ కొడుకు. పదకొండేళ్ళు. మునివేళ్ళ మీద నడిచేవాడు. ఎవరి మొహంలోకీ చూసేవాడు కాదు. ఇంట్లో కాస్త గట్టిగా నవ్వు వినబడితే చాలు, చెవులు మూసుకుని లోలోపల ఏదో కూనిరాగం తీసేవాడు. ఎదుటివాళ్ళు అన్న మాటలో చివరి ముక్కను తిరిగి అనడమే తప్ప, తనంతట తాను ఒక్క మాట అనేవాడు కాదు. పట్నంలో డాక్టర్లు దానికేదో పేరు పెట్టారు. ఊళ్ళో వాళ్ళు పేర్ల జోలికి పోకుండా "పాపం జుమాబెక్" అని ఊరుకునేవాళ్ళు. ఆ "పాపం" అన్న మాట వింటే ఎర్మెక్ తల్లి సల్‌కిన్‌కు ఒళ్ళు మండిపోయేది.

ఇలాంటి పిల్లలు ఏ బళ్ళో చదవాలో తేల్చడానికి జిల్లా కమిషను ఒకటి ఉంది. అది కిందటి వసంతంలోనే వచ్చి ఎర్మెక్‌ను చూసి, ఇంకొక్క ఏడాది గడువు ఇచ్చి వెళ్ళింది. ఆలోగా అక్షరాలూ లెక్కలూ పట్టుబడితే ఊరి బళ్ళోనే ఉంచుతారు. లేకపోతే దిగువన మైదానంలో ఉన్న బోర్డింగుకు పంపేస్తారు. అది మంచిదో చెడ్డదో సల్‌కిన్‌కు తెలియదు. దూరమన్నది మాత్రం తెలుసు. నిద్ర పట్టాలంటే తల్లి కొంగు చెవికి ఆనించుకోవలసిన పిల్లాడు అక్కడ ఎలా పడుకుంటాడన్నదే ఆమెకున్న దిగులు.

"అక్కా, వాణ్ణి నాకు ఉంచు," అంది మొదటిరోజే, అసిల్‌కాన్ రెండు చేతులూ పట్టుకుని. "పెద్ద చదువు అక్కర్లేదు. ఇంట్లో ఉండేంత చదువు చెప్పు చాలు."

చెప్పడం అంత సులువా? కొత్త బిచ్చగాడు పొద్దెరగనట్టు మొదటి నెలంతా అసిల్‌కాన్ తెల్లారకుండానే వెళ్ళి కూర్చునేది. బడివాళ్ళిచ్చిన బొమ్మల అట్టలు పరిచేది. ఓడ బొమ్మ, అనాసపండు బొమ్మ, ఏనుగు బొమ్మ. ఆ కొండల్లో ఓడను హెడ్మాస్టరు కూడా చూసి ఎరగడు. ఎర్మెక్ వాటికేసి వీపు తిప్పి కూర్చునేవాడు. రంగు ఘనాలిస్తే ఒక్కొక్కటీ పొయ్యి వెనక్కి జారవిడిచేవాడు. సాయంత్రం అసిల్‌కాన్ పొయ్యి వెనక చెయ్యి పెట్టి వాటిని ఏరుకుని, మసి చేతులతో ఇంటికి పోయేది.

"ఏం నేర్పావే ఇవాళ?" అని అత్త మంచం మీంచి అడిగేది.

"మసి తుడుచుకోవడం నేర్చుకున్నాను అత్తా."

ఒకరోజు జుమాబెక్ ఇంటికి చుట్టాలు వచ్చారు. వాకిట్లో బూట్లు గుట్టపడ్డాయి. అసిల్‌కాన్ పాఠం మానేసి గుమ్మం పక్కన కూర్చుంది. ఎర్మెక్ మెల్లగా వచ్చి ఆ బూట్లన్నీ జతలు కలిపి, వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. వాడికిది మామూలేనని సల్‌కిన్ అంది. అసిల్‌కాన్ మాత్రం ఆ వరసనూ, లోపల చుట్టాలు కూర్చున్న వరసనూ మార్చి మార్చి చూసింది. గుమ్మానికి ఎదురుగా పెద్దల చోట్లో కూర్చున్నాయన బూట్లు మొదట ఉన్నాయి. ఆయన పక్కాయనవి ఆ పక్కన. తలుపు దగ్గర కూర్చున్న కొత్త కోడలివి చిట్టచివర. కావాలని రెండు జతలు తారుమారు చేసి చూసింది. ఎర్మెక్ చిరాగ్గా ముక్కుతూ వచ్చి మళ్ళీ సరిచేశాడు.

అసిల్‌కాన్ గట్టిగా నవ్వబోయి, వాడి చెవులు గుర్తొచ్చి నోరు మూసుకుంది. వీడికి బుర్ర లేదన్నవాడి బుర్రను ఏ గొర్రె తిన్నదో! మనుషులెవరో తెలుసు, పెద్దెవరో చిన్నెవరో తెలుసు, మర్యాద తెలుసు. మొహం చూడకుండానే ఇదంతా నేర్చుకున్నాడు. ఇన్నాళ్ళూ తను వాడికి ఓడలూ అనాసపండ్లూ చూపించింది. ఆమెకు సిగ్గేసింది, దానికి వందరెట్లు సంతోషం వేసింది.

మర్నాటి నుంచి ఊళ్ళో పాత బూట్లన్నీ పోగుచేయడం మొదలుపెట్టింది. ఒక్కో జతకు ఆ మనిషి పేరు రాసిన గుడ్డముక్క కట్టింది. ఏరు దగ్గర ఆడవాళ్ళకు అంతకన్నా కావలసిందేముంది?

"అసిల్‌కాన్ బడికి పిల్లలు రారటే, బూట్లొస్తాయట!"

"బూట్లే నయం తల్లీ," అంది అసిల్‌కాన్ బిందె ఎత్తుకుంటూ. "మీలాగా ఎదురు మాట్లాడవు."

ఎర్మెక్ ముందు బూట్లనూ, తరవాత గుడ్డముక్కల మీది పేర్లనూ గుర్తుపట్టాడు. ఆ తరవాత బూట్లు తీసేసి వట్టి పేర్లే పెట్టినా గుర్తుపట్టాడు. ఇంక పెద్దల చోటు అంటూ ఒకటి వచ్చాక, ఎవరికి ఏ ఎముక అన్నది రాకుండా ఎలా ఉంటుంది? అసిల్‌కాన్ ఎముకల్ని ఉడికించి, తోమి, ఎండబెట్టి బుట్టలో వేసుకొచ్చింది. నేలమీద కంబళి పరిచి, చుట్టూ బూట్లు పెట్టి, ఉత్తుత్తి విందు ఏర్పాటు చేసింది. పళ్ళెంలోంచి ఎముక తియ్యాలి, పేరు చదవాలి, ఆ బూట్ల ముందు పెట్టాలి, "తీసుకోండి" అనాలి. ఎంతమంది వస్తే ఎన్ని పక్కటెముకలు కావాలో లెక్క కట్టాలి. అందరికీ చాలకపోతే ఎన్ని తక్కువయ్యాయో చెప్పాలి. కొన్నాళ్ళకు కింది చోట్లలో బూట్లు తీసి సల్‌కిన్‌నూ, జుమాబెక్‌నూ కూర్చోబెట్టింది. వాళ్ళ కళ్ళు కొడుకు మీదే గాని, పెద్దల చోట్లో బూట్ల ముందు ఏ ఎముక ఉందో చూడలేదు. "తీసుకోండి" అన్నప్పుడు మొహంలోకి చూడకపోతే వాళ్ళు చెయ్యి చాచేవాళ్ళు కాదు. ఎర్మెక్ చాలాసేపు ముక్కి, చాలాసార్లు పళ్ళెం కింద పెట్టేసి, ఒకరోజు చటుక్కున తండ్రి కళ్ళలోకి చూసి "తీసుకోండి" అన్నాడు. జుమాబెక్ ఆ వట్టి ఎముకను తీసుకుని బయటికి పోయాడు. గొర్రెల దొడ్డి వెనక నిలబడి ఏడ్చాడని సల్‌కిన్ తరవాత చెప్పింది.

కుబాత్ చూడ్డానికి వచ్చి బిత్తరపోయాడు. "అక్కా, చదువు చెప్పమంటే కసాయి పని నేర్పుతున్నారేంటి?"

"వాణ్ణి నీ పేరు రాయమని చూడు తమ్ముడూ."

ఎర్మెక్ కుబాత్ బూట్లకేసి చూసి పలకమీద కుబాత్ అని రాశాడు. హెడ్మాస్టరు ఆ పలకను చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. జుమాబెక్ పెద్ద కూతురికి బిడ్డ పుట్టి, ఉయ్యాల పండగకని గొర్రెను కోసినప్పుడు అసలు కథ అడ్డం తిరిగింది. అసిల్‌కానే పట్టుబట్టింది, ఈసారి మాంసం ఎర్మెక్ పంచుతాడని. ఊళ్ళో అందరికన్నా పెద్దవాడు కాబట్టి మామ్‌బెత్ తాత పెద్దల చోట్లో కూర్చున్నాడు. ఆడవాళ్ళంతా వంటింట్లో భాండీ దగ్గరున్నారు. ఎర్మెక్ పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. తాత ముందు మోకరించాడు. కళ్ళలోకి చూశాడు. "తీసుకోండి" అని గొర్రె తలకాయ ఆయన ముందు పెట్టాడు.

గదిలో మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం వంటింట్లోకి వినబడింది.

"ఓహో," అన్నాడు తాత. "నన్ను కుర్రాళ్ళలో కలిపేశారన్నమాట. మంచిదే. రేపటి గుర్రప్పందేనికి నన్నూ పిలవండి."

అసిల్‌కాన్ గరిట వదిలేసి మగవాళ్ళ గదిలోకి పరుగెత్తింది. తాత ముందున్న తలకాయను చూడగానే తనేం చేసిందో ఆమెకు తెలిసిపోయింది. అవతలి లోయలో, వాళ్ళ నాన్న ఇంట్లో, తలకాయ పెద్దాయనది. తుంటి ఎముక ఆయన తరవాతివాడిది. ఈ లోయలో అది తలకిందులు. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి ప్రతి విందులోనూ ఆమె భాండీ దగ్గర నిలబడి మాంసం ఉడికించింది గాని, లోపల ఏ పళ్ళెం ఎవరి ముందుకి పోతుందో చూసింది లేదు. ఒక్క మాట ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. అడగలేదు. మాంసం పంచడంలో తనకు తెలియనిది ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

"తాతా, లేవకండి. పిల్లాడిది తప్పు కాదు, నాది. మా లోయలో తల పెద్దాయనకిస్తారు. నేనదే నేర్పాను, వాడు నేర్పిందే చేశాడు. కోప్పడితే నన్ను కోప్పడండి."

"నీ మీద కోపమెందుకమ్మా?" అన్నాడు తాత లేచి టోపీ సర్దుకుంటూ. "కనుమ అవతలినుంచి వచ్చినదానివి. నీకేం తెలుసు మర్యాద?"

ఆయన వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఇంకొందరు వెళ్ళారు. ఎర్మెక్ గోడకు ఆనుకుని, చెవులు మూసుకుని, కూనిరాగం తీస్తున్నాడు. వాడు ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు చేసినవాడిలా నిలబడాల్సి వచ్చింది.

"చాలక్కా," అన్నాడు జుమాబెక్. "ఇంక మావాణ్ణి నలుగురిలో నిలబెట్టకండి."

అసలు కష్టం ఆ తరవాత మొదలైంది. మామూలు పిల్లాడికైతే "అది కాదురా, ఇది" అంటే సరిపోతుంది. ఎర్మెక్‌కు ఒకసారి కుదిరింది కుదిరిందే. మామ్‌బెత్ తాత బూట్ల ముందు తుంటి ఎముక పెడితే కేకలు పెట్టేవాడు. తలకాయను లాక్కొచ్చి మళ్ళీ అక్కడే పెట్టేవాడు. బలవంతపెడితే తన చెయ్యి తనే కొరుక్కునేవాడు. కొన్నాళ్ళకు అసలు కంబళి దగ్గరికే రావడం మానేశాడు. "తీసుకోండి" కూడా పోయింది. కమిషను వచ్చే రోజు దగ్గరపడుతోంది. సల్‌కిన్ ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకపోవడమే అసిల్‌కాన్ భరించలేకపోయింది.

"వాడు తలకాయ సంగతి మర్చిపోవడం లేదత్తా," అంది ఒక సాయంత్రం అత్తగారికి టీ పోస్తూ. "ఎలా మరిపించాలో తెలీక చస్తున్నాను."

అత్త ఆ టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "మళ్ళీ ఉప్పేశావా?"

"మా వైపు వేస్తారు కదత్తా, చెయ్యి అలవాటు."

"మీ వైపు! ఇన్నేళ్ళు కాపురం చేశావు మా వాడితో, మీ వైపు ఉప్పు మర్చిపోయావా? లేదు. నీకు నాకోసం ఉప్పు లేని టీ పెట్టడం వచ్చు, నీకోసం ఉప్పు టీ పెట్టుకోవడం వచ్చు. ఇవాళ గిన్నెలు మారాయి, అంతేగా. నువ్వు మర్చిపోనిదాన్ని వాడెందుకే మర్చిపోవాలి? వాణ్ణీ రెండూ ఉంచుకోనీ."

అసిల్‌కాన్ టీ కుండ కింద పెట్టేసింది. తరవాత వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"ఛీ, టీ ఒలుకుతుంది," అంది అత్త.

మర్నాడు అసిల్‌కాన్ రెండు కంబళ్ళు తీసుకుపోయింది. ఒకటి తెల్లది, ఒకటి గోధుమరంగుది. తెల్లదాన్ని పరిచి, "ఇది ఏ లోయ? కనుమ అవతలి లోయ," అంది. పుట్టింటి నుంచి జ్ఞాపకంగా తెచ్చుకున్న తండ్రి పాత బూట్లను పెద్దల చోట్లో పెట్టి, వాటి ముందు తలకాయ పెట్టింది. ఎర్మెక్ దూరంనుంచి చూశాడు. కేకలు పెట్టలేదు. పక్కన గోధుమరంగుది పరిచి, "ఇది ఏ లోయ? ఈ లోయ," అంది. మామ్‌బెత్ తాత బూట్ల ముందు తుంటి ఎముక పెట్టింది. ఎర్మెక్ ముక్కాడు. దగ్గరికి వచ్చాడు. తెల్లదాన్ని చూశాడు, గోధుమరంగుదాన్ని చూశాడు. తలకాయ తెల్లదాని మీద దాని చోట్లో అది ఉంది. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు. వాడు కాసేపు అలా నిలబడి, తుంటి ఎముకను కొంచెం జరిపి, తాత బూట్లకు ఎదురుగా తిన్నగా పెట్టాడు.

ఆరోజు నుంచి రెండు కంబళ్ళ మీదా పాఠం సాగింది. ప్రతిసారీ అసిల్‌కాన్ "ఇది ఏ లోయ?" అని అడిగేది, ఎర్మెక్ చెప్పేవాడు. "తీసుకోండి" కూడా తిరిగి వచ్చింది.

కమిషను వచ్చింది. బళ్ళో పొద్దున్నే పరీక్ష మొదలుపెట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు వస్తారనుకుంటే, ఒకామె జబ్బుపడి, ఆమె బదులు ముసలి డాక్టరొకాయన వచ్చాడు. పేరు శార్షెన్. కమిషను పెద్ద దమీరా మంచి మనిషే, అలసిపోయిన మనిషి. ఎర్మెక్ ముందు రంగు ఘనాలు పెట్టింది. పక్క గదిలో పిల్లలు గోల చేస్తున్నారు. ఎర్మెక్ చెవులు మూసుకున్నాడు. పేరు రాయమంటే రాయలేదు. ఎవరి పేరని వాడికి అర్థం కాలేదో, ఆ గోలలో వినబడలేదో. ఘనాలను ఒక్కొక్కటీ బీరువా వెనక్కి జారవిడిచాడు.

"ఇంట్లో బాగా చేస్తాడమ్మా," అంది సల్‌కిన్.

"తల్లులందరూ అదే చెప్తారమ్మా," అంది దమీరా మెల్లగా. "అబద్ధం చెప్తారని కాదు. మేం చూసిందే మేం రాయాలి."

అంత దూరంనుంచి వచ్చినవాళ్ళను ఆకలితో పంపడం ఆ కొండల్లో లేదు. జుమాబెక్ ఇంట్లో అప్పటికే గొర్రె ఉడుకుతోంది. పరీక్ష పరీక్షే, భోజనం భోజనమే అని దమీరా రెండుసార్లు అంది. ఊళ్ళోకి అతిథులొస్తే పెద్దాయన పక్కన లేకపోవడం కూడా అక్కడ లేదు కాబట్టి, మామ్‌బెత్ తాతా రావలసి వచ్చింది. వచ్చి మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"ఎర్మెక్ పంచుతాడు," అంది అసిల్‌కాన్ వంటింట్లో.

జుమాబెక్ కత్తి కింద పెట్టేశాడు. "పిచ్చెక్కిందా అక్కా? పొద్దున అయింది చాలలేదా? ఇంకోసారి తాత లేచి వెళ్ళిపోతే, వాళ్ళ కళ్ళ ముందే..."

"వెళ్తే నేను కనుమ దాటి మా పుట్టింటికి పోతాను. కానీ వాడికి వచ్చింది వాళ్ళు చూడకుండా పోవడానికి వీల్లేదు."

ఇద్దరూ సల్‌కిన్‌కేసి చూశారు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, పళ్ళెం తీసి కొడుకు చేతుల్లో పెట్టింది.

ఎర్మెక్ ముందు గుమ్మం దగ్గరికి పోయి బూట్లు చూసుకున్నాడు. ఊరివాళ్ళవన్నీ వరసలో ఉన్నాయి. దమీరా బూట్ల సంగతి అసిల్‌కాన్ ముందే చెప్పింది, అతిథిగా వచ్చిన పెద్దావిడ, తోకెముక. ఇంకొక జత మిగిలింది. మడమలరిగిన నల్ల బూట్లు. వాటి సంగతి ఎవరూ చెప్పలేదు. అసిల్‌కాన్‌కే తెలియదు ఆ డాక్టరు వస్తాడని.

పెద్దల చోట్లో ఇద్దరు ముసలివాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఎర్మెక్ మోకరించాడు. పళ్ళెంలో తలకాయ ఉంది, తుంటి ఎముక ఉంది. వాడి చెయ్యి కదల్లేదు. గదిలో అందరూ చూస్తున్నారు. కూనిరాగం మొదలైంది. ఒక చెయ్యి పళ్ళెం వదిలి చెవి వైపు లేచింది.

"ఈసారి నాకు డెక్కలిస్తాడేమో," అన్నాడు మామ్‌బెత్ తాత.

వంటింటి గుమ్మంలో సల్‌కిన్ అసిల్‌కాన్ చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఒక్క మాట, ఒక్క సైగ చేస్తే చాలు. అసిల్‌కాన్ పళ్ళు బిగించి నిలబడింది. ఇప్పుడు తను చెప్తే అది తన పంపకం అవుతుంది, వాడిది కాదు.

ఎర్మెక్ చెయ్యి చెవిదాకా వెళ్ళి ఆగింది. వాడు తల ఎత్తి డాక్టరు మొహంలోకి చూశాడు.

"తాతా," అన్నాడు. "మీది ఏ లోయ?"

పుట్టి ఇన్నేళ్ళకు ఎర్మెక్ ఒక మనిషిని అడిగిన మొట్టమొదటి ప్రశ్న అది. వాడి తల్లికి తెలుసు, తండ్రికి తెలుసు, అసిల్‌కాన్‌కు తెలుసు.

డాక్టరు తెల్లబోయాడు. "నాదా నాయనా? నాది కనుమకు అవతల."

ఎర్మెక్ తలకాయ తీసి ఆయన ముందు పెట్టాడు. "తీసుకోండి." తుంటి ఎముక తీసి మామ్‌బెత్ తాత ముందు పెట్టాడు. "తీసుకోండి." తోకెముక దమీరాకు. ఆ తరవాత గదంతా, ఒక్కరి దగ్గరా తడబడకుండా, గుమ్మం పక్క కుర్రాడి దాకా పంచుకుంటూ పోయాడు.

శార్షెన్ తలకాయను రెండు చేతులతో దగ్గరికి తీసుకున్నాడు. "ఈ వైపు ఎక్కడికొచ్చినా నాకు తుంటి ఎముకే పెడతారు," అన్నాడు. "పెద్దరికమని ఇస్తారు, మర్యాదకి తింటాను. నువ్వు ఎక్కడివాడివి తాతా అని ఇన్నేళ్ళలో ఒక్కడూ అడగలేదు." ఆయన దమీరా వైపు తిరిగాడు. "నేను మాత్రం చూసిందే రాస్తానమ్మా. ఇప్పుడు చూశాను."

దమీరా తన ముందున్న తోకెముకను చేతిలోకి తీసుకుంది. "పొద్దున్నుంచి మనం వాణ్ణి బోలెడు అడిగాం," అంది. "వాడు ఒక్కటి అడిగాడు. మనం అడగాల్సింది." తరవాత వంటింటి గుమ్మంకేసి చూసి గొంతు పెంచింది. "సల్‌కిన్! నీ కొడుకు ఎక్కడికీ పోడు. ఈ ఊరి బళ్ళోనే, ఈ టీచరు దగ్గరే ఉంటాడు. విన్నావా?"

సల్‌కిన్ విన్నది. విని, భాండీ పక్కన నేలమీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది. కొడుక్కి చప్పుళ్ళు పడవు మరి. లోపల కుబాత్ "మా బడి పద్ధతే అంతండీ, పిల్లాణ్ణి బట్టి చదువు" అని అతిథులకు వివరిస్తున్నాడు. అసిల్‌కాన్ విని కిసుక్కున నవ్వింది. చెప్పుకోనీ, ఈ ఒక్కరోజు ఎవరేం చెప్పుకున్నా ఆమెకు బాధ లేదు. గెలిచింది. తను గెలిచింది, వాడు గెలిచాడు, మంచంలో ఉన్న అత్త కూడా గెలిచింది. సాయంత్రం పోయి చెప్తే ఏమంటుందోనని తలుచుకుని మళ్ళీ నవ్వుకుంది.

అతిథులు గుర్రాల దగ్గరికి కదిలాక వంటింటి గుమ్మంలో నీడ పడింది. మామ్‌బెత్ తాత. ఆ వయసు మగవాళ్ళు వంటింటి దాకా రారు. ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళను బయటికి పొమ్మన్నట్టు చూశాడు. అసిల్‌కాన్ ఒక్కతే మిగిలింది.

"అమ్మాయీ," అన్నాడు. టోపీ తీసి చేతిలో తిప్పాడు. "మా మనవడికి ఒక కూతురుంది. కనిషాయ్."

ఆ పేరు ఊళ్ళో విన్నవాళ్ళు ఉన్నారు గాని, ఆ పిల్లను చూసినవాళ్ళు లేరు. గుండెజబ్బు అని చెప్పేవాళ్ళు.

"జబ్బేం లేదు," అన్నాడు తాత. "మాట లేదు. పిలిస్తే పలకదు. నలుగురూ ఏమంటారోనని నేనే బయటికి తీసుకురావద్దన్నాను. దానికి ఆరేళ్ళు. నిన్ను అన్నేసి మాటలన్నవాణ్ణి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగనూ?"

"ఆ పిల్లకి ఏదంటే ఇష్టం తాతా?"

తాత అర్థం కానట్టు చూశాడు. తిట్టు కోసమో, ఒప్పుకోలు కోసమో సిద్ధపడి వచ్చాడు, ఈ ప్రశ్నకు కాదు.

"నీళ్ళు," అన్నాడు. "పెరట్లో కాలవ ఉంది కదా. పొద్దంతా దాని ఒడ్డునే. రాళ్ళు వేస్తుంది, అవి మునిగేదాకా చూస్తుంది, మళ్ళీ వేస్తుంది. ఎంత పిలిచినా రాదు."

"పిలవకండి," అంది అసిల్‌కాన్, మాంసం జిడ్డు చేతులు కడుక్కుంటూ. "రేపు పొద్దున్నే నేనే కాలవ దగ్గరికి వస్తాను."